తిన్నగానే పోతోందట

మార్చి 3

అన్నయ్య లారీ ఎడమకి లాగుతోందట. పొద్దున నేను మెకానిక్‌గా ఉన్న షెడ్డుకి తెచ్చాడు. బ్రేక్ మీద కాలు వేస్తే చాలు, స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుని పక్కకి పోతోందట. మొన్న రోడ్డు పక్క రెయిలింగ్‌కి రాసుకుని అద్దం పగిలింది. ఓనర్ మాత్రం తప్పు లారీది కాదు, నిద్రది అంటున్నాడు. ఇంకొక్కసారి ఇలా అయితే తాళం ఇచ్చేసి ఇంటికెళ్ళమన్నాడట. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అన్నయ్య మీద చిన్న మచ్చ లేదు. ఇదంతా నా మొహం చూసి చెప్పలేదు, బానెట్‌కి చెప్పాడు.

టైర్లలో గాలి సరిగ్గా ఉంది. అలైన్‌మెంట్ వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ముందు టైర్లు అటువి ఇటు మార్చాను. రోడ్డెక్కించి బ్రేక్ కొట్టాను. ఎక్కడిదక్కడ తిన్నగా ఆగింది.

ఓనర్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

మార్చి 4

మళ్ళీ లాగిందట.

మార్చి 6

ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్నులు, స్ప్రింగులు, వాటిని పట్టి ఉంచే యు-బోల్టులు అన్నీ చూశాను. ఎక్కడా లూజు లేదు. నడుం పడిపోయింది. సొంత అన్న కాబట్టి వెనకేసుకొస్తున్నానని షెడ్డులో గుసగుసలు. పట్టించుకోనట్టు తిరుగుతున్నాను. కానీ లోపల భయంగా ఉంది. వాళ్ళ మాటే నిజమైతే? అన్నయ్యకి యాభై నిండాయి. కళ్ళ కింద నల్లగా చారలు. నిజంగానే కునుకు పడుతోందేమో. అడగడానికి నోరు రాలేదు.

మార్చి 7

అడిగేశాను. అన్నం తింటున్నవాడు మధ్యలో చెయ్యి కడిగేసుకున్నాడు. నువ్వు కూడానా, అన్నాడు. అంతే. వదిన నా వైపు ఒక చూపు చూసింది.

మార్చి 9

ఫుల్ లోడుతో అన్నయ్య పక్కన కూర్చుని వెళ్ళాను. అరవై కిలోమీటర్ల దూరం పోయేదాకా ఏమీ లేదు. డెబ్బై దాటాక టోల్ గేట్ ముందు బ్రేక్ వేశాడు. లారీ ఒక్కసారిగా ఎడమకి తిరిగింది. అన్నయ్య కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి, చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. నేను చూశాను. ప్రాణం పోయినంత పనైంది, అయినా సంతోషంతో ఎగిరి గంతేయాలనిపించింది.

దిగి ముందు చక్రాల బ్రేక్ డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఎడమది పెనంలా కాలుతోంది. కుడిది గోరువెచ్చగా ఉంది. అంటే ఎడమ బ్రేక్ ఒక్కటే పడుతోంది, కుడిది పట్టడమే లేదు. దొంగ దొరికాడు. చూశావా అన్నాను. అన్నయ్య చాలా రోజుల తర్వాత నన్ను నెత్తి మీద మొట్టాడు.

మార్చి 10

దొరకలేదు. పొద్దున్నే షెడ్డులో కుడి చక్రం విప్పితే బ్రేక్ బ్రహ్మాండంగా పడుతోంది. లైనింగ్‌లో బోలెడు మందం ఉంది. గ్రీజు చుక్క అంటలేదు. బ్రేక్‌ని బిగువుగా ఉంచే అడ్జస్టర్ కూడా కొలిచాను, కొలత సరిపోయింది. నిన్న చచ్చిపోయిన బ్రేక్ తెల్లారేసరికి ఎలా బతికింది? లారీ రాత్రంతా అన్నయ్య ఇంటి ముందే ఉంది. ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. ఎవరు ముట్టుకుంటారన్నాడు.

ఓనర్ ఇక ఆగనన్నాడు. పన్నెండున కొండ అవతలికి సిమెంటు లోడు. అన్నయ్యకి కుదరకపోతే వేరే డ్రైవర్ సిద్ధంగా ఉన్నాడట. వద్దన్నాను, బతిమాలాను. అన్నయ్య తాళం జేబులో వేసుకున్నాడు.

మార్చి 12, ఉదయం 9.30

వదిన ఫోన్ చేసింది. బట్టలు ఉతుకుతూ చేసినట్టుంది, చిరాకుగా ఉంది. మీ అన్నయ్యకి నువ్వైనా చెప్పమ్మా, చొక్కా మోచేతుల గ్రీజు ఏ సబ్బుకీ వదలడం లేదు అంది. పాలవాడి కంటే ముందే లేచి లారీ కింద దూరతాడట. ఏం చేస్తాడని అడిగాను. ఏముంది, మామయ్యగారిలాగే, స్పానర్‌తో నాలుగు చక్రాల దగ్గరా తిప్పి వస్తాడంది. కొత్త లారీ వచ్చిన ఈ నాలుగు నెలల్లో ఒక్క పొద్దూ తప్పలేదట.

నాన్న. రోజూ బండి తీసే ముందు ఒక్కో చక్రానికి పావు చుట్టు బ్రేక్ బిగించేవాడు. మా ఇద్దరికీ ఆయనే నేర్పాడు. పాత లారీలకి అదే ప్రాణం. ఈ లారీ అడ్జస్టర్లు మాత్రం వాటంతటవే బిగుసుకుంటాయి. రోజూ స్పానర్ పెట్టి తిప్పితే లోపల అరిగిపోతాయి. తిప్పిన పూట బిగువుగానే ఉంటాయి. కొంత దూరం పోయి పదిసార్లు బ్రేక్ కొట్టేసరికి వదులైపోతాయి. అందుకే షెడ్డులో ప్రతిసారీ బాగుంది. బిగించి మరీ నా దగ్గరికి తెచ్చాడు. పొద్దున పళ్ళు తోముకున్నానని ఎవరైనా చెబుతారా? తనూ చెప్పలేదు.

కొత్త లారీతో వచ్చిన ప్రతి డ్రైవర్‌కీ నేను మొదట చెప్పే మాట, అడ్జస్టర్ ముట్టుకోవద్దని. అన్నయ్యకి చెప్పలేదు. అన్నయ్యకి తెలియనిదా అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

తను తిప్పింది నాలుగూ. ముందు కుడిది మొదట పోయిందంతే.

9.50

ఫోన్ ఎత్తడం లేదు. బండి నడుపుతూ ఎప్పుడూ ఎత్తడు.

10.15

పదకొండుసార్లు చేశాను. ఓనర్‌కి చేస్తే మీ అన్నాచెల్లెళ్ళ గొడవ నాకెందుకని పెట్టేశాడు. చేతులు ఊరికే ఉంచలేకపోతున్నాను. అందుకని రాస్తున్నాను.

10.40

అన్నయ్యే చేశాడు. కొండ మీద టీ కొట్టు దగ్గర ఆగాడట. నన్ను మాట్లాడనివ్వలేదు. లాగడం పోయిందే పిల్లా, అన్నాడు. మధ్యలో నాలుగైదుసార్లు బ్రేక్ వేశాడట, తిన్నగానే పోతోందట. ఆగడం కాస్త నిదానమైంది కానీ లోడు ఉంది కదా అన్నాడు. నీ చెయ్యి పడితే బాగుపడక చస్తుందా అన్నాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో. టీ తాగి ఇక దిగడమేనట.

తిన్నగా పోతోందంటే కుడిది బాగుపడలేదు. ఎడమది కూడా పోయింది. ఒకటి పట్టి ఒకటి పట్టకపోతే పక్కకి లాగుతుంది. ముందు రెండూ పట్టకపోతే ఎటు లాగుతుంది? వెనక బ్రేకులు మాత్రమే ఆ బరువుని దిగుడులో ఎంతసేపు ఆపుతాయి?

దిగొద్దని అరిచాను. పావు చుట్టు సంగతి చెప్పాను. అది నాన్న నేర్పింది కదే, అన్నాడు. నాన్న నేర్పింది ఈ బండికి తప్పు అన్నాను. నాన్న తప్పన్న మాట ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఫోన్ కట్ అయింది. పెట్టేశాడో, సిగ్నలే పోయిందో.

10.55

రింగవుతోంది. ఎత్తడం లేదు. ఎత్తడం లేదంటే నడుపుతున్నట్టు.

11.05

నాలుగు కొత్త అడ్జస్టర్లు షెడ్డు జీపులో వేయించాను. వెళ్తున్నాను.

సాయంత్రం

లారీ టీ కొట్టు పక్కనే ఉంది. నాలుగు చక్రాలకీ బండరాళ్ళు అడ్డం పెట్టి ఉన్నాయి. అన్నయ్య నేల మీద కూర్చున్నాడు, ఒంటి నిండా మట్టి. నా మాట నమ్మలేదట. నన్ను తిట్టుకుంటూనే లారీ కింద దూరాడట, ఫోన్ క్యాబిన్‌లో వదిలేసి. ముందు అడ్జస్టర్లు చేత్తో లాగితే రెండూ ఊగాయట. ఆ సంగతి చెప్పి, ఇంటికి నువ్వే ఫోన్ చెయ్యి అన్నాడు. నేను తిట్టాలనుకున్నవన్నీ మర్చిపోయి పక్కన కూర్చుని ఏడ్చాను.

నాలుగూ మార్చాను. ఓనర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. మిగతా డ్రైవర్లని కూడా ఎల్లుండి షెడ్డుకి పంపుతాను, వాళ్ళకీ చెప్పమన్నాడు. అన్నయ్యని రెండు రోజులు ఆగి డ్యూటీకి రమ్మన్నాడు.

మార్చి 13

తాళం నాకిచ్చాడు. దిగుడంతా నేనే నడిపాను. ముప్పై ఒక్క మలుపులు. అన్నయ్య పక్కన కూర్చున్నాడు. కిందికి రాగానే ఆపమని, దిగి, రోడ్డు వారన నడుచుకుంటూ పోయాడు. ఫస్ట్ గేర్‌లో వెనకే పోనిచ్చాను. చాలాసేపటికి వెనక్కి తిరిగి, ఎవరో తెలియని బండిని లిఫ్ట్ అడిగినట్టు చెయ్యెత్తాడు.

బ్రేక్ వేశాను. ఆగింది.