ఒత్తుల్లేని జీవితం

బందరు.

లైఫ్ కోచ్ గాయత్రి గారికి,
భూషణం ఆశీస్సులు.

ఉగాదికి తెచ్చి అప్పగిస్తానని శ్యాంబాబు నా చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాడు. అవనిగడ్డ హైస్కూల్లో నేను తెలుగు పండితుణ్ణి, అతను లెక్కల మాస్టారు. అప్పటికి నా జుట్టు నల్లగా ఉండేది. ఎన్ని ఉగాదులు పోయాయో లెక్కల మాస్టారే చెప్పాలి.

మొదటిది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పొద్దున్నే దాని ముఖం చూడందే నాకు కాఫీ దిగదు. రెండోది కూడా మొదటిదానితోపాటు ఒకే రోజు మా గుమ్మం ఎక్కింది. శ్యాంబాబు కన్ను మాత్రం రెండోదాని మీదే పడింది. అందరూ చూస్తుండగా రిక్షాలో తీసుకుపోయాడు. పని చోట మీ చిరాకుకు మూలం ఏమిటో రాయండని మీ కరపత్రంలో అడిగారు కదా. ఇదే మూలం.

ఇంతకీ నేనెందుకు రాస్తున్నానంటే, రిటైరయ్యాక నా శిష్యుడు దుర్గారావు ప్రెస్‌లో ప్రూఫులు చూస్తున్నాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. మొన్న ఒక పెళ్లికూతురి తండ్రి, వధువుకు ఒత్తు ఎందుకండీ, అది లేకపోతే పెళ్లి ఆగుతుందా అన్నాడు. "ఒత్తు తీసేస్తే మీ అమ్మాయి వదువు అవుతుంది, అలాంటి ప్రాణి తెలుగులో లేదు" అన్నాను. అతను కేకలు, నేను కేకలు. దుర్గారావు పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, దణ్ణం పెడతాను. కార్డు ఆయనది, కూతురు ఆయనది, డబ్బు ఆయనది" అన్నాడు. "భాష నాది" అన్నాను.

దాంతో మీ కరపత్రం నా చేతిలో పెట్టి, ఈ కోర్సు పూర్తి చేసి కాగితం తెస్తేనే కుర్చీ ఉంటుందన్నాడు. నాకు ఆ కుర్చీ కావాలి. అందుకని రాస్తున్నాను. ఫోన్లో మాట్లాడను. ఫోన్లో ఒత్తులు వినబడవు.

ఇట్లు,
భూషణం, విశ్రాంత తెలుగు పండితుడు

తా.క. మీ కరపత్రం పేరు "ఒత్తిడి లేని జీవితం". లోపల ద్యానం, దైర్యం, దృడసంకల్పం అని మూడు సూత్రాలు. అమ్మా, మీరు తీసేస్తామన్నది ఒత్తిడి. తీసేసింది ఒత్తులు.

*

గుడివాడ.

గౌరవనీయులైన భూషణం మాస్టారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక కాసేపు ద్యానంలో కూర్చోవలసి వచ్చింది. ఇలాంటి కద నా వృత్తిలో ఎప్పుడూ వినలేదు. మీ బాధ పూర్తిగా అర్దమైంది. ఆ పెళ్లికూతురి తండ్రి మీద మీకు కోపమే లేదండీ. కోపమంతా వేరే మనిషి మీద. అది పని మీద బయటపడుతోంది.

మొదటి ఆవిడ ఇంకా మీతోనే ఉన్నారు. ఆవిడ ముఖం చూసే కాఫీ తాగుతారు. అలాంటి ఇల్లాలి ఎదుట, రిక్షా ఎక్కి పోయిన రెండో ఆవిడ కోసం నిట్టూర్చడం మంచి సాధన కాదు. ఈ వారం మీ అబ్యాసం ఇది: సాయంత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని మంగినపూడి బీచ్‌కి వెళ్లండి. "నాకు నువ్వు చాలు, రెండోది అక్కర్లేదు" అని దైర్యంగా చెప్పండి.

శ్యాంబాబు గారి వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. ఆయన స్వభావం మంచిదే అయి ఉంటుంది. ఏ బంధం వెనక ఏముందో మనకు తెలియదు.

దన్యవాదాలతో,
గాయత్రి

తా.క. రెండో ఆవిడకు ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేదా? వృత్తి కోసమే అడుగుతున్నాను. వెంటనే రాయండి.

*

బందరు.

గాయత్రి గారికి,
ఈసారి ఆశీస్సులు లేవు.

రెండోది అంటే రెండో భార్య కాదు. నిఘంటువు! రెండు సంపుటాల నిఘంటువు. అ నుంచి ధ దాకా మొదటిది, న నుంచి హ దాకా రెండోది. ఆడమనిషికీ, ప్రాణం లేని వస్తువుకీ ఏకవచనంలో "అది" అనే ఒక్క మాటతో సరిపెట్టింది మన వ్యాకరణం. మంచి పొదుపే. ఆ పొదుపు ఇవాళ నా కాపురం మీదికి వచ్చింది.

మా ఇంట్లో కళ్లజోడు ఒకటే. అది ముందు ఎవరికి దొరికితే ఉత్తరం వాళ్లు చదువుతారు. మీ ఉత్తరం వచ్చిన పూట అది మా ఆవిడ అచ్చమ్మకు దొరికింది.

"ఏవండీ, ఎవరండీ ఆ రెండోది? రిక్షా ఎక్కి పోయిందట! మొదటిదానికి ఒక్కనాడు మంగినపూడి చూపించిన పాపాన పోలేదే!"

నిఘంటువే అని మొదటి సంపుటం తెచ్చి చూపించినా నమ్మలేదు. చివరికి బీచ్‌కి తీసుకెళ్లాను. అలల ముందు నిలబడి, "ఇది కూడా ఆ గాయత్రి చెబితేనే కదా" అంది. ఇంతకంటే నాకేం కావాలి?

శ్యాంబాబు ఏం పట్టుకుపోయాడో మీకు తెలియాలి. అసూయ, ఆందోళన, ఏడుపు, ఒత్తిడి, కోపం, చిరాకు, జగడం, దిగులు నా దగ్గరే మిగిలాయి. నవ్వు, నిద్ర, మనశ్శాంతి, విశ్రాంతి, సంతోషం, హాయి రిక్షా ఎక్కి వెళ్లిపోయాయి. అడిగితే, "ఉగాదికి ఇస్తానన్నాను గానీ ఏ ఉగాదో చెప్పానా భూషణం?" అన్నాడు. ఆ తర్వాత బదిలీ చేయించుకుపోయాడు. లెక్కల మాస్టారికి న నుంచి హ దాకా ఎందుకండీ? వాళ్ల సమీకరణాలకు కావలసినవన్నీ క్ష, య అని రెండే కదా. అవి కూడా ఇంగ్లీషులోనే రాసుకుంటారు.

ఇట్లు,
భూషణం

తా.క. బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు. వీపు మీద నేను జిగురుతో అంటించిన కాగితం ముక్క ఉంది, నా పేరుతో.

*

గుడివాడ.

పూజ్యులు భూషణం మాస్టారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వారం నుంచి మా ఇంట్లో పెద్దవాళ్ల ముఖాల వైపు చూడలేకపోయాను. ఎందుకని అడగకండి.

ఇప్పుడు అసలు అద్యాయం మొదలుపెడదాం. తప్పు కనబడగానే మీకు రక్తపోటు పెరుగుతోంది. అందుకని ఈ వారం ప్రెస్‌లో ఒక్క తప్పు చూసి కూడా వదిలేయండి. ఎంత కటినంగా అనిపించినా దిద్దకండి. దీర్గంగా శ్వాస తీసుకుని, "ఇది నాది కాదు" అనుకోండి. ప్రపంచం ఏమీ మునిగిపోదు. ఫలితం మీకే తెలుస్తుంది.

దన్యవాదాలతో,
గాయత్రి

తా.క. అచ్చమ్మ గారికి నా తరపున సారీ చెప్పండి. తెలుగులోనే చెబుదామనుకున్నాను. మా ఇంట్లో ఉన్న పుస్తకంలో ఆ మాట చివరిదాకా వెతికినా దొరకలేదు.

*

బందరు.

గాయత్రి గారికి,
ఆశీస్సులు తిరిగి ఇస్తున్నాను.

మీ అభ్యాసం చేశాను. ఫలితం కూడా చూశాను. నేనే కాదు, పెదపారుపూడి మండలమంతా చూసింది.

సోమవారం గోపీనాథ్ అనే ఆయన గుడివాడ నుంచి ఒక ఫ్లెక్సీ రాయించుకొచ్చాడు. పెదపారుపూడి రోడ్డు పక్కన వాళ్లకు స్థలం ఉందట. "ఖాళీ స్థలం అమ్మబడును" అని ఉండాలి. "కాళీ స్థలం" అని ఉంది. నా కలం దానంతట అది లేచింది. మీరు గుర్తొచ్చారు. కలం పక్కన పెట్టాను. దీర్ఘంగా శ్వాస తీసుకున్నాను. "ఇది నాది కాదు" అనుకున్నాను. దుర్గారావు నా వైపు చూసి, "మాస్టారు మారిపోయారు!" అని మిఠాయి తెప్పించాడు.

ఫ్లెక్సీ కట్టిన మర్నాడే వీరమ్మ అనే ఆమె పొలానికి పోతూ దాన్ని కూడబలుక్కుని చదివి, అమ్మవారు వెలిసిందని పసుపు కుంకుమ చల్లింది. మధ్యాహ్నానికి నిమ్మకాయలు. సాయంత్రానికి వేపరొట్టలు. ఆటోవాళ్లు హారన్ ఆపి దణ్ణం పెట్టి మరీ వెళ్తున్నారు. నిన్న గోపీనాథ్ ప్రెస్‌కి వచ్చి నా బల్ల మీద గుద్దాడు.

"మాస్టారూ! స్థలం చూడ్డానికి ఎవడొచ్చినా చెప్పులు విప్పేసి లెంపలు వేసుకుని పోతున్నాడండీ! బేరమాడేవాడే లేడు!"

"చూశాను. వదిలేశాను" అన్నాను శాంతంగా.

"చూసి కూడానా?"

"కోచ్ గారి ఆజ్ఞ."

దుర్గారావు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. దిద్దినా గొడవే, దిద్దకపోయినా గొడవే అయితే ఈ కుర్చీ ఎందుకు మాస్టారూ అంటున్నాడు. సోమవారానికి కోర్సు పూర్తయినట్టు మీ కాగితం చూపించకపోతే నా చోట కంప్యూటర్‌నే దిద్దుకోమంటాడట. ఆ కంప్యూటర్ నా పేరును బూషణం అని రాస్తుంది.

ఇట్లు,
భూషణం

తా.క. ఆదివారం అక్కడ అమ్మవారికి అన్నదానమట. ఆ ఫ్లెక్సీ కూడా మా ప్రెస్‌కే వచ్చింది. అందులో "భక్తులు"కు ఒత్తు నేనే పెట్టాను. ఈ వారం ఒక్క తప్పు వదిలేయమన్నారు గానీ, రెండు అనలేదు కదా.

*

గుడివాడ.

మాస్టారూ,

నమస్కారాలు రాసే ఓపిక కూడా లేదు.

మీరేం చేశారో మీకు తెలుసా? ఒకళ్ల స్థలం అండీ అది! చూసి చూసి వదిలేస్తారా? ఎంత అదర్మం! అయినా కాళీ అని రాస్తే తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్దం కాలేదు. కాళీ గ్లాసు, కాళీ కుర్చీ అనే కదా నేను మొదట్నుంచీ రాస్తున్నది. ఎవరూ దణ్ణం పెట్టలేదే?

నాకు నిద్ర లేదు. నిన్న ఒక బ్యాంకు మేనేజర్ గారు పని ఒత్తిడి అని నా దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి, "మీరు రెండ్రోజులు సెలవు పెట్టండమ్మా" అని నాకే మంచినీళ్లు ఇచ్చి వెళ్లారు.

మీ కోర్సు పూర్తయింది. దృవపత్రం జతపరిచాను. దయచేసి ఈ జన్మలో ఇంకే తప్పునూ వదిలేయకండి.

గాయత్రి

తా.క. మా ఇంట్లో పెద్దాయన ఒకరు ఈ సంగతి విన్నప్పటి నుంచి నవ్వుతూనే ఉన్నారు. స్థలం సంగతి ఏం చేద్దామని అడిగితే, "ఉగాదికి చూద్దాంలే" అంటున్నారు.

*

బందరు.

అమ్మాయ్ గాయత్రీ,

ఇక నిన్ను మీరు అనను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నువ్వు పంపిన ధ్రువపత్రం దుర్గారావుకు చూపించే ముందు ఎర్ర సిరాతో దిద్దాను. తప్పుల కాగితం చూపించి కుర్చీ నిలుపుకునేవాణ్ణి కాను. "భూషణం గారు ఒత్తిడిని అదిగమించి గనవిజయం సాధించారు" అని రాశావు. "దృవ"ను ధ్రువ చేశాను. అధిగమించికి, ఘనకు ఒత్తులు పెట్టాను. సాధించారు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. దిద్దడానికేమీ లేదు. సాధించారులో ధ రాసిన చెయ్యి, అదే వరసలో అధిగమించిలో ఎందుకు రాయలేకపోయింది?

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను. బాధ, బంధం, స్వభావం, సాధన, ఫలితం, స్థలం అన్నీ తప్పు లేకుండా రాశావు. ధైర్యం, ధ్యానం, కథ, అర్థం, అభ్యాసం, అధ్యాయం, దీర్ఘం, ఖాళీ ఒక్కటీ రాదు. న నుంచి హ దాకా నీ తెలుగుకు వంక పెట్టేవాడు లేడు. అ నుంచి ధ దాకా నీకు తెలుగే లేదు.

అలాంటి ఇల్లు ఈ కృష్ణా జిల్లాలో ఒక్కటే ఉంటుంది.

పుట్టుమచ్చ సంగతి అచ్చమ్మను అడిగాను. "శ్యాంబాబు గారి భార్య నాగమల్లేశ్వరికి ఎడమ బుగ్గ మీద ఉండేదిగా" అంది. పిచ్చిపిల్లా, సొంత నాయనమ్మనే అనుమానించావా! దుర్గారావును నిలదీశాను. వాడు మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడు. అంతా తెలిసే నన్ను శ్యాంబాబు మనవరాలి దగ్గరికి పంపాడు. ఆ గోపీనాథ్ మీ నాన్న. ఆ ఫ్లెక్సీ రాసి ఇచ్చింది నువ్వు. కాళీలో పోయి, స్థలంలో నిలబడ్డ ఆ ఒత్తును చూసినప్పుడే నాకు తట్టవలసింది. దీర్ఘశ్వాస తీసుకుంటూ ఉండిపోయాను.

కుర్చీ నాదే. ఎర్ర సిరా పడ్డ ధ్రువపత్రం చూసి దుర్గారావు, "మిమ్మల్ని మార్చమని పంపితే కోచ్‌నే దిద్దారా మాస్టారూ!" అని కుర్చీ మీద దుమ్ము తనే తుడిచాడు. అప్పుడే ఆ పెళ్లికూతురి తండ్రి కార్డులు మళ్లీ కొట్టించుకోవడానికి వచ్చాడు. "ఆ ఒత్తు పెట్టేయండి మాస్టారూ. కాళీ స్థలం సంగతి విన్నాను. మా ఇంట్లో ఏ దేవత వెలుస్తుందో!" అన్నాడు. వధువు కింద ఆ ఒత్తు నా చేత్తో పెట్టాను. నలభై ఏళ్లు బడిలో చెప్పినా ఎవరూ వినని పాఠాన్ని ఒక్క ఫ్లెక్సీ చెప్పింది.

మీ స్థలానికి కొత్త ఫ్లెక్సీ నేనే రాసి ఇచ్చాను. "కాళీ స్థలం పక్కన ఖాళీ స్థలం అమ్మబడును." అమ్మవారికి ఒక మూల వదిలి మిగతాది అమ్ముకోండి. పొద్దున్నుంచి మీ నాన్నకు ఫోన్లు ఆగడం లేదట. అమ్మవారి పక్కన ఇల్లు ఎవరికి చేదు?

ఆదివారం బండెక్కి బందరు రా. రెండో సంపుటం తీసుకురా. ఉగాది దాకా ఆగక్కర్లేదు. "గాయత్రి రెండోదాన్ని వెంటబెట్టుకొస్తోంది" అంటే అచ్చమ్మ ఈసారి కళ్లజోడు కోసం వెతకలేదు. నవ్వింది. ఆ మాట మా ఇంటికి ముందే వచ్చేసినట్టుంది.

రెండూ ముందు పెట్టుకుని కూర్చుందాం. ప్రతి ఆదివారం ఒక అక్షరం చెబుతాను. ధైర్యం చెప్పడం నీ వృత్తి. దాన్ని ఒత్తుతో చెప్పే మనిషి ఈ డెల్టాలో నువ్వొక్కదానివే అవుతావు. అది నా పూచీ.

సారీకి తెలుగు మాట నీ పుస్తకం చివర వెతికావు. బడిపిల్లల అక్షరమాలలో క్ష చివర ఉంటుంది గానీ, నిఘంటువులో క కిందే ఉంటుంది. క్షమ నా సంపుటంలోది. ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. నీకు పేజీ తీసి చూపిస్తాను. మీ తాతకు చూపించను.

ఆశీస్సులతో,
భూషణం

తా.క. నువ్వు సిగ్గుపడకు. నీ ధైర్యానికి ఒత్తు లేకపోవడానికి, మీ స్థలం అమ్మవారి పాలవడానికి, మా ఇంట్లో ఇన్నేళ్లు నవ్వు లేకపోవడానికి కారకుడు వేరే ఉన్నాడు. ఎవరు ఏ ధ్రువపత్రం ఇచ్చినా నా మాట మారదు. శ్యాంబాబు.