పెద్దమ్మ గుడి దగ్గర మూసిన కళ్ళు

మంగళవారం, జమ్మలమడుగు

ఇక బండి నడపొద్దని ఓబులేసు మామను టిప్పర్ మీది నుంచి దించేశారు. దించింది ఏఐ కెమెరా అని అందరూ అంటున్నారు. కాదు, నేనే.

క్వారీ గేటు దగ్గర పెద్దమ్మ గుడి వచ్చినప్పుడల్లా మామ క్షణంసేపు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటాడు. క్యాబిన్‌లో కొత్తగా పెట్టిన కెమెరా దాన్ని నిద్ర అనుకుంది. అది పంపే వీడియోలు చూసి అవునో కాదో నొక్కడమే నా ఉద్యోగం. వీడియోలో మామ పక్క అద్దంలోంచి గుడి కనబడుతూనే ఉంది. కానీ బయటి నుంచి వచ్చిన కొత్త మేనేజరు నా వెనకే నిలబడి, "నిద్రేనా?" అన్నాడు. దండం అంటే నవ్వుతాడేమోనని సిగ్గేసింది. అవునని నొక్కాను. బండి నడుపుతూ కళ్ళు మూయడం తప్పే కదా అని ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నాను. తప్పే కావచ్చు, నిద్ర మాత్రం కాదు. పైగా నేను నొక్కినదాన్ని బట్టే కెమెరా నేర్చుకుంటుందట. ఇక డ్రైవర్లందరి దండాలూ దానికి నిద్రే...

సాయంత్రం కంపెనీ బస్సులో మామ పక్కనే కూర్చున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

"నిద్ర పోయినట్టు నాకైతే గుర్తు లేదు అల్లుడా. అయినా మిషన్ అబద్ధమేంటికి చెప్తాది? నాకే తెలీకుండా రెప్పలు పడతాండాయేమో."

లేదు మామా అనాలి.

బస్సు గుడి దగ్గరికొచ్చింది. అలవాటుగా అందరం కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాం. నేను కళ్ళు తెరిచేసరికి మామ చేతులు జోడించి, రెప్ప పడనీయకుండా గుడివైపు చూస్తున్నాడు.