బొట్టు పెట్టిన లైట్లు

బాన్సువాడ, గురువారం రాత్రి

అబ్బ, ఈరోజు ఎంత మంచి రోజు! లోపల మంచం, పొయ్యి ఉన్న మా పాత వ్యానును చీకటి పడ్డాక నడపొద్దని, నా చూపు తగ్గిందని నా బిడ్డ సుజాత తాళం దాచిపెట్టింది. ఇవాళ తనే ముందు బంపరుకు రెండు అదనపు లైట్లు పెట్టించింది! మురిసిపోయి వాటి అద్దాలకు కుంకుమ బొట్లు పెట్టాను.

మసక చీకట్లో సుజాతను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ లైట్లు వేసుకుని వర్ని రోడ్డెక్కగానే ముందు నల్లటి గుంత కనబడి బ్రేకు వేశాను.

"గుంత ఏడున్నది బాపూ? గది నువ్వు పెట్టిన బొట్టు నీడ!" అని పకపకా నవ్వింది సుజాత. "గంత సన్న మచ్చ కనబడ్డదంటే నీ కండ్లు మంచిగనే ఉన్నయ్. ఇగ తాళం నీ దగ్గర్నే పెట్టుకో."

నా బంగారు తల్లి! తాళం జేబులోనే ఉంది. కానీ నీడను గుంత అనుకున్నాను కదా... రేపు తనకు చెప్పకుండా కంటి దవాఖానకు వెళ్లి రావాలి.