అద్దె పీతలు

జూన్ 4
కుక్క వద్దు, పిల్లి వద్దు, చిలక కూడా వద్దన్నాడు ఇంటి ఓనరు. అరవకూడదట, గోడలు గీరకూడదట. మనుషులకీ అవే షరతులు పెట్టేవాడే, ధైర్యం చాల్లేదు. అయితే హెర్మిట్ క్రాబ్స్ తెచ్చుకుందాం అంది కూతురు. తెలుగులో సన్యాసి పీతలట. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు పెరిగినప్పుడల్లా ఇల్లు మారుస్తూ, ఖాళీ నత్తగుల్ల కోసం కొట్టుకుచచ్చే జీవి సన్యాసి ఎలా అవుతుంది? సంసారి. పక్కా అద్దె సంసారి. ఆ పేరు పెట్టినవాడికి సొంతిల్లు ఉండుంటుంది.

జూన్ 7
పెట్ షాపులో గొడవపడి వచ్చాను. గుల్లలకి ఆయిల్ పెయింటు! నీలం, గులాబీ, ఒకదాని మీద నవ్వే బొమ్మ. ఈ పీతలన్నీ సముద్రపు ఒడ్డున పట్టుకొచ్చినవే కదా, ఎలా అమ్ముతారని నిలదీశాను. కొంటారా, స్పీచ్ ఇస్తారా మేడమ్ అన్నాడు షాపువాడు. రెండోదే ఇచ్చాను. దారి పొడవునా కూతురు నాకు పదడుగుల ముందే నడిచింది.

జూన్ 12
కింది ఫ్లాటువాళ్లు ఖాళీ చేస్తూ, వాళ్ల రెండు పీతల్నీ గాజుతొట్టెతో సహా మాకిచ్చేశారు. కొనలేదు కాబట్టి నా సిద్ధాంతం బతికిందన్నాను. నీ సిద్ధాంతం సరే, వీటిని బతికించడం ఎలాగో చూడవే అంది అమ్మ.
ఒకడిది రంగు గుల్ల. పెచ్చులూడుతోంది. ఆ రంగు కడుపులోకి పోతే బతకడని పశువుల డాక్టరు ఫోన్లో చెప్పాడు. లాగకూడదట. తెగిపోతాడు గానీ వదలడట. తనంతట తనే మారాలి.

జూన్ 13
రంగులేని గుల్లలు పక్కన పెట్టాం. కన్నెత్తి చూడలేదు.

జూన్ 19
తిండి మానేశాడు. కూతురు ఏడుపు. నేను తొట్టె ముందు కూర్చుని వాడితో వాదిస్తున్నానట. ఓనరు నెత్తిమీద నిలబడితే ఇల్లెవరు చూస్తారే, లే అవతలకి అంది అమ్మ. తొట్టె మీద దుప్పటి కప్పింది.

జూన్ 21, సాయంత్రం
దుప్పటి సందులోంచి చూశాం. ఒక రంగులేని గుల్ల నోట్లో కాలు పెట్టి, లోపలంతా తడుముతున్నాడు.
అచ్చం మా నాన్న!
ఇల్లు చూడ్డానికి వెళ్తే, గాలి వెలుతురు అంటూ ఓనరు చెప్పే గొప్పలు నాన్న వినేవాడు కాదు. కొళాయి తిప్పేవాడు. గోడకి అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేవాడు. మంచం పడుతుందా అని చేతులు బారజాపి గదంతా తిరిగేవాడు. గుమ్మంలో నిలబడి మేం ఆయన మొహమే చూసేవాళ్లం. పాత ఇంట్లో కొట్టిన మేకులన్నీ అమ్మ పీకి, రాయితో సాపు చేసి డబ్బాలో వేసుకొచ్చేది. మన మేకులు వాళ్లకెందుకు అనేది. అద్దె ఇళ్ల మీద నేను రాసిన వ్యాసాల్లో కోపం పట్టింది గానీ, ఆ డబ్బా పట్టలేదు.

కాసేపటికి
రంగు గుల్లలోంచి బయటికొచ్చాడు. ఒంటి మీద ఏమీ లేదు. ఇంత మెత్తటివాడా! నేనేదో అనబోయాను. అమ్మ నా చెయ్యి నొక్కింది. మాట్లాడకు, ఇల్లు మారుతున్నాడు అంది.