ఉంగరపు వేలు

సుజాతక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల రామంతాపూర్‌ల మీ ఇంటికి పోయి, నీ ఫొటోకు పూలు పెట్టి, అట్నుంచి అటే నాచారంల మన పళ్ల క్లినిక్‌కు వచ్చిన. ఉప్పల్ రోడ్డు నడుమ మెట్రో పిల్లర్లు లేస్తున్నయ్. షేర్ ఆటోకు గంట పట్టింది.

వచ్చేసరికి పేషెంట్లు మస్తు మంది ఉండిరి. డాక్టర్ సారు కొత్త అసిస్టెంట్ లతను పిలిచి, "ఈయనకు క్లీనింగ్ నువ్వు చెయ్" అన్నడు. నేను అడ్డం పోయిన. "డిప్లొమా లేకుంట చెయ్యొద్దు సార్" అన్న. సారు నవ్విండు. "నీకు నేర్పిన సుజాతకు ఉండెనా డిప్లొమా?"

లేకుండె. గని నన్ను డిప్లొమా చదువమని ఎంటబడ్డది నువ్వే. నువ్వు పళ్లు క్లీన్ చేసినంక ఒక ముసలాయనకు నెత్తురు ఆగలే. నెత్తురు పల్చబడే గోలీలు మింగుతున్నరా అని ముందుగాల అడగాల్నని నీకెవ్వరు చెప్పలే. ఆయన బతికిండు గని, ఆ రోజు నువ్వు టిఫిన్ డబ్బా తెరువలే. "నాకు చేసుడు వస్తది పద్మా, ఎప్పుడు చెయ్యొద్దో తెల్వదు" అన్నవ్.

గా మాటనే సారుకు చెప్పిన. ఆయన లతను పక్కకు జరగమన్నడు. ఆ క్లీనింగ్ నేనే చేసిన. చెయ్యి జారకుంట, ఉంగరపు వేలు పక్క పంటికి ఆనించి, నువ్వు నేర్పినట్టే.

ఒక్కటి నీకు చెప్పలే అక్కా. డిప్లొమా ప్రాక్టికల్ పరీక్షల మేడం నా చెయ్యి సూసి, "ఈ పట్టు ఎక్కడ నేర్చుకున్నవమ్మా?" అని అడిగింది.

కాలేజీల అని చెప్పిన.