పడవ తలుపు

ఆదివారం, ఎండ కాసిన మధ్యాహ్నం

వదినకు, అన్నయ్యకు నమస్కారాలు. నా మేనకోడలికి ముద్దులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఎప్పుడూ అలవాటుగా రాసే మాటే ఇది. ఈసారి మాత్రం ఇంట్లో ఒక్కొక్కరి మొహం చూసుకుని రాస్తున్నాను.

ఏరు పొంగి మన వీధిలోకి వచ్చిందని వినే ఉంటారు. ఫోన్లు ఇంకా పలకడం లేదు, అందుకే ఉత్తరం. మొన్న బుధవారం పొద్దున నేను బడిలో లైబ్రరీ తెరిచే వేళకి నీళ్ళు వాకిలి మెట్లెక్కాయి. మేడ ఉన్నది మా బడికే కాబట్టి వీధి వీధంతా అక్కడికే పరుగెత్తుకొచ్చింది. అందరినీ పైనున్న లైబ్రరీలోకి ఎక్కించి, పిల్లలు కిందికి దిగకుండా మెట్ల దగ్గరి ఇనప తలుపు గడియ పెట్టాను. పెత్తనమంతా నాదే. ఆడబిడ్డకి అది అలవాటే కదా అని నువ్వు నవ్వుకున్నా పరవాలేదు.

పిల్లలు బెదిరిపోయి ఏడుస్తుంటే గుండీలమ్మ కథ మొదలుపెట్టింది. వీధి మూల గుండీలు, దారాలు అమ్మే ముసలావిడ, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చింది. వాళ్ళ వైపు దేవతలు మనుషుల గోలకి నిద్రపట్టక లోకాన్ని ముంచేశారట. ఒక్క మనిషి పడవ కట్టుకుని బతికి, నీళ్ళు తగ్గాయో లేదో చూసి రమ్మని పక్షుల్ని వదిలాడట. పక్షులు మా కథలోవి, మీకెలా వచ్చాయని మన వీధిలో బేకరీ నడిపే రొట్టెలాయన తగువేసుకున్నాడు. నేను మన చేప కథ చెప్పాను. దోసిట్లో పట్టేంత చేప, తనని పెంచిన మనిషికి వరద సంగతి ముందే చెప్పి, కొమ్ముకి తాడు కట్టించుకుని పడవని కొండదాకా లాక్కెళ్ళింది కదా. ప్లంబరు కథలో మిగిలింది మొగుడూ పెళ్ళామే, వాళ్ళు వెనక్కి విసిరిన రాళ్ళే మనుషులయ్యాయట. ఇన్ని తెలిసినవాడివి, ఈ వరదకి కొళాయి కట్టేయరాదా అని మా ఆయన అంటే ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వారు.

నాకు ఆశ్చర్యమేసింది వదినా. ఒకరి ఊరు ఒకరు చూడని వాళ్ళం. అయినా అందరి కథల్లోనూ అదే నీరు, అలాగే మిగిలిపోయిన ఒకరిద్దరు.

అంతలో కింద తలుపు బాదారు. ఏటి ఒడ్డున ఉండే కింది వీధి వాళ్ళు. ఖాళీ డ్రమ్ములు జత కట్టి, పిల్లల్ని వాటి మీద కూర్చోబెట్టి, ఛాతీ లోతు నీళ్ళలో నడిచొచ్చారు. వాళ్ళకీ మాకూ పడదని నీకు తెలుసు. గట్టు తెంచి నీళ్ళు మన మీదికి వదిలింది వాళ్ళేనని అప్పటికే గుసగుసలు. రొట్టెలాయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు. కాలు పెట్టే చోటు లేదు, ఉన్న తాగునీళ్ళు మన పిల్లలకే చాలవు అన్నాడు.

గుండీలమ్మ ఒక్కతే నోరు విప్పింది. చిన్నప్పుడు ఈ కథ విని, పడవ తలుపు మూశాక బయట నిలబడి కొట్టినవాళ్ళు ఏమయ్యారని మా అమ్మని అడిగాను, నిద్రపో అంది తప్ప చెప్పలేదు, మీ కథల్లో ఎవరైనా చెప్పారా అని అడిగింది. మన చేప కూడా ఆ సంగతి ఎత్తదు.

నేను దిగి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాను. రొట్టెలాయన పక్కకి జరగలేదు. బడి తాళాలు నా చేతికిచ్చారు, మీ చేతికి కాదని మామూలు గొంతుతోనే చెప్పాను. తప్పుకున్నాడు.

ఇరుకైంది నిజమే. పుస్తకాలు బీరువాల మీదికెక్కించి, బల్లల మీద పిల్లల్ని పడుకోబెట్టి, నీళ్ళు గుక్కెడు గుక్కెడు పంచుకున్నాం. గట్టు దానంతటదే తెగిందని వాళ్ళు ఒట్టేసి చెప్పారు. నమ్మినవాళ్ళు నమ్మారు. వాళ్ళలో ఇస్త్రీ చేసే ఆవిడ తన కథ చెప్పింది. లోకమంతా నీరే అయినప్పుడు పెద్ద పెద్ద జంతువులు మునిగి కూడా అడుగు నుంచి మట్టి తేలేకపోతే, అన్నిటికన్నా చిన్నది పిడికెడు మట్టి తెచ్చిందట, అదే పెరిగి నేలయిందట. అంత లోతుకి ఊపిరెలా పట్టిందో అన్నాడు రొట్టెలాయన. అని, సంచిలో దాచుకున్న రొట్టె తీసి ఆవిడ కూతురి చేతిలో పెట్టాడు.

సాయంత్రానికి పడవలొచ్చాయి. అందరం బతికాం. ఇప్పుడు రెండు వీధులవాళ్ళం కలిసే బురద ఎత్తిపోస్తున్నాం. ఈ ఉత్తరం అందగానే మీరు ముగ్గురూ బయల్దేరండి.

నీ ఆడబిడ్డ

తా.క. గుండీలమ్మ మాట విని తలుపు తీశానని వీధిలో అందరూ మెచ్చుకుంటున్నారు. నేనూ ఊరుకున్నాను. నీకు మాత్రం నిజం చెప్పాలి. అప్పటికే కిటికీలోంచి చూశాను. డ్రమ్ముల వెనక, ఎవరి బిడ్డనో మెడ మీద ఎక్కించుకుని నడుస్తున్నది మీ నాన్నగారు. ఆయన లేకపోయినా తీసేదాన్నేననుకుంటాను, కానీ చెయ్యి అంత తొందరగా గడియ మీదికి వెళ్ళేది కాదు. ఆయన ఇల్లు పూర్తిగా కూలిపోయింది. మా అన్నయ్యని చేసుకున్నావని నీతో మాట మానేసిన మనిషి కదా, మా ఇంటికి రమ్మంటే రానన్నారు. వాదించే ఓపిక లేక ఆయన సంచి నేనే అందుకుని నడిచాను, వెనకే వచ్చారు. ఇప్పుడు మా ముందు గదిలో ఉంటున్నారు. నీ ఊసే ఎత్తలేదు. నిన్న పొద్దున గడపలో బురద కడుగుతూ, తల ఎత్తకుండా, పాపకి ఏం పేరు పెట్టారని అడిగారు. నేను చెప్పలేదు. అది నువ్వొచ్చి చెప్పాల్సిన మాట.