మూటకి ముడి వెయ్యి, అక్కా

స్ఫాక్స్ ఆసుపత్రి, ఆదివారం

మహబూబా అక్కకి తమ్ముడు మొంజీ సలాములు.

ముందు ఆ కత్తెర కింద పెట్టు! నువ్వు పంపిన ఎండు ఆక్టోపస్ మూటకి ముడి లేక పడవలోనే విడిపోయింది. తెచ్చిన మన పొరుగింటి పిల్ల దలెందా ఒకటే నవ్వు. "బాబాయ్, అత్త ముడి కనబడితే చాలు విప్పేస్తోంది. నీ వలలు కూడా కత్తిరిస్తోంది!"

ఆపరేషన్లో ప్రొస్టేట్‌తో పాటు రెండు ముడుల్లో కూడా కాన్సర్ కనబడిందని రాస్తే, ఎవరో నాకు చేతబడి ముడులు వేశారనుకుని, అవి వీడాలని కనబడ్డ ముడల్లా విప్పుతున్నావా? ఈ మాట వినగానే డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అవి అందరి ఒంట్లోనూ ఉండే లింఫు గ్రంథులు బాబాయ్, మన అరబ్బీలో ముడులంటాం. ఆ రెండూ తీసేశాం."

"రోగం పోయినట్టేనా?"

"పోయిందనను. సూదిమందుతో అణచి ఉంచుతాం, రక్తం చూస్తూ ఉంటాం. వల అల్లేవారు, మీకు నేను చెప్పాలా? చెడ్డ ముడులు తీసేశాక వలని మళ్ళీ చూసుకోరా?"

నిన్న రక్తపరీక్ష వచ్చిందక్కా! రోగం జాడ మిషనుకి కూడా చిక్కలేదు! వార్డంతా టీ పోయించాను. సూది వల్ల ఒళ్ళంతా సెగలు, చెమటలు. కంగారుపడకు.

పల్చటి చొక్కాలు రెండు పంపు. మేక ఈనిందా? మిగిలిన వల ముట్టుకోకు, నేనొచ్చి సముద్రం మీదికి వెళ్ళాలి. నీ దీవెనలతో పాటు ఇంకాస్త ఆక్టోపస్ పంపు. మూటకి మాత్రం గట్టిగా ముడి వెయ్యి.